పెద్దదిక్కు లేని కాగితం

ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి రోగుల మంచాల పక్కన ఉన్న ఒక పత్రాన్ని 2014 జూలై 14 నాటికి వార్డుల నుంచి పూర్తిగా తీసేయాలని నిర్ణయం జరిగింది. దాని పేరు లివర్‌పూల్ కేర్ పాత్‌వే. డాక్టర్లు, నర్సులు ఎల్‌సీపీ అనేవాళ్లు. ఆఖరి రోజుల్లో, ఆఖరి గంటల్లో ఉన్న మనిషిని ఎలా చూసుకోవాలో, పక్కన కూర్చున్న ఇంటివాళ్లతో ఏం మాట్లాడాలో తెలియని కుర్ర డాక్టర్లకు చెయ్యి పట్టి నేర్పడం కోసం పుట్టిందది. రాసినవాళ్లు దయగల మనుషులు. ఎత్తేయమన్నవాళ్లూ దయగలవాళ్లే. ఆ రెండింటి నడుమ లక్షలమంది దాని నీడన కన్నుమూశారు. వాళ్లలో చాలామంది ప్రశాంతంగా వెళ్లిపోయారు. కొందరు గొంతెండి పోయారు. ఈ పతనానికి ఒక దుర్మార్గుణ్ణి చూపించగలిగితే చెప్పడం తేలికయ్యేది. అలాంటివాడు ఈ కథలో లేడు.

కథ మొదలయింది లివర్‌పూల్‌లో కాదు, లండన్‌లో. సిసిలీ సాండర్స్ మొదట నర్సు. నడుంనొప్పి వల్ల ఆ ఉద్యోగం వదులుకుని, ఆసుపత్రిలో రోగుల కుటుంబాల బాగోగులు చూసే పనిలో చేరారు. అక్కడ పోలండ్ నుంచి వచ్చిన డేవిడ్ టాస్మా అనే యూదు యువకుడు క్యాన్సర్‌తో పోతున్నాడు. నా అన్నవాళ్లు దగ్గర లేరు. ఆమె వెళ్లి కూర్చునేవారు, మాట్లాడేవారు. ఇలాంటివాళ్లు నిశ్చింతగా పోగలిగే ఇల్లొకటి ఉంటే ఎంత బాగుండునో ఇద్దరూ చెప్పుకునేవాళ్లు. 1948లో పోతూ పోతూ టాస్మా తన దగ్గరున్న 500 పౌండ్లు ఆమె పేర రాసి, నువ్వు కట్టే ఇంట్లో నేనొక కిటికీనవుతానన్నాడు. నొప్పి మీద పోరాడాలంటే డాక్టరువి కావాల్సిందేనని ఒక సర్జన్ సలహా ఇస్తే, సాండర్స్ ముప్పై దాటిన వయసులో మెడిసిన్‌లో చేరి 1957లో డాక్టరయ్యారు. 1967లో దక్షిణ లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ తలుపులు తెరుచుకున్నాయి. టాస్మా పేరు మీద ఆ కిటికీ అక్కడ ఉంది.

అప్పటిదాకా ఆసుపత్రుల్లో మార్ఫిన్ ఇచ్చే పద్ధతి వేరు. రోగి నొప్పితో అల్లాడి అడిగితే, అదీ భయపడుతూ, ఒక డోసు ఇచ్చేవాళ్లు. హాస్పిస్‌లో నొప్పి రాకముందే, గడియారం చూసి ఇచ్చారు. ఒంటి నొప్పితో పాటు పిల్లల గురించిన బెంగ, అప్పుల దిగులు, దేవుడి మీద కోపం అన్నీ కలిసి ఒకే బాధగా మనిషిని తినేస్తాయని సాండర్స్ చెప్పేవారు. ఈ విద్య పుస్తకంలోంచి వచ్చింది కాదు. కొత్తగా చేరిన డాక్టరు పెద్ద డాక్టరు వెనక నెలల తరబడి తిరిగేవాడు. ఆ పెద్ద డాక్టరు మంచం అంచున ఎలా కూర్చుంటుందో, కూతురు ఏడుస్తుంటే ఎంతసేపు మాట్లాడకుండా ఉంటుందో, ‘అమ్మ ఇంక లేవదా?’ అని అడిగితే ఏ మాటతో మొదలుపెడుతుందో చూసి చూసి నేర్చుకునేవాడు. మన ఊళ్లలో ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదంటాం కదా, అది కుదురుకోవడానికి ఆయన ఎంతమంది పక్కన ఎన్నేళ్లు నిలబడి ఉంటాడో మనం ఆలోచించం.

1987లో బ్రిటన్ ఈ ఉపశమన వైద్యాన్ని ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించింది. కానీ హాస్పిస్‌లు కొన్నే, మంచాలు కొన్నే, అక్కడికి చేరేదీ ఎక్కువగా క్యాన్సర్ రోగులే. సగానికి పైగా జనం మామూలు ఆసుపత్రుల్లోనే పోయేవారు. అక్కడ రాత్రిపూట వాళ్ల దగ్గర ఉండేదెవరు? నిన్నమొన్న కాలేజీ నుంచి వచ్చిన డాక్టరు.

అక్కడ కొత్త డాక్టర్లందరూ ఆగస్టు మొదటి బుధవారం ఒకేసారి విధుల్లో చేరతారు. మన హౌస్ సర్జన్ల వయసే, అదే బెదురు. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద ఎంత లోతున, ఎంత వేగంగా నొక్కాలో వాళ్లకు కంఠతా వచ్చు. గుండె ఆగిపోవడమే సహజమైన మనిషి దగ్గర ఏం చేయాలో రాదు. అందుకని వాళ్లు తెలిసిందే చేస్తారు. తెల్లవారితే పోయే ముసలాయనకు పొద్దున్నే రక్తపరీక్ష రాస్తారు. నరం దొరక్కపోతే ఇంకో చేతికి గుచ్చుతారు. నాలుగు గంటలకోసారి బీపీ చూడమంటారు, చూసి ఏమీ చేయరు. రౌండ్స్‌కి వచ్చినవాళ్లు ఆయన గది తలుపు దగ్గర ఒక క్షణం ఆగి, చేసేదేముందిలే అన్నట్టు ముందుకు కదులుతారు. లోపల ఆయన భార్య చేతిలో సంచీతో కుర్చీ అంచున కూర్చుని, ఎవరైనా లోపలికొస్తారేమోనని తలుపు వైపే చూస్తుంటుంది. ఇది క్రూరత్వం కాదు. ఏం మాట్లాడాలో తెలియని మనిషి అక్కడి నుంచి తప్పుకోవడం. ఆ వయసులో మనలో ఎవరమైనా అదే చేస్తాం.

ఆ గదిలోకి హాస్పిస్‌ని తీసుకెళ్లాలనుకున్నారు లివర్‌పూల్ వాళ్లు. 1990ల చివర్లో రాయల్ లివర్‌పూల్ యూనివర్సిటీ హాస్పిటల్, ఆ ఊళ్లోనే ఉన్న మేరీ క్యూరీ హాస్పిస్ కలిసి, జాన్ ఎలర్‌షా నాయకత్వంలో ఒక పత్రం తయారుచేశాయి. హాస్పిస్‌లో అనుభవజ్ఞులు కళ్లతో, చేతులతో చేసేదాన్ని మెట్టు తర్వాత మెట్టుగా కాగితం మీద పెట్టడమే వాళ్ల ఆలోచన. ఎందుకూ పనికిరాని మాత్రలు, పరీక్షలు ఆపండి. నొప్పి, కలవరం, వాంతి, ఆయాసం, గొంతులో గురగుర, ఈ అయిదింటికీ మందులు ముందే రాసిపెట్టండి, అర్ధరాత్రి డాక్టరు కోసం వెతుక్కోకుండా నర్సు వెంటనే ఇవ్వగలిగేలా. నోరు ఎండకుండా చూడండి. మనిషికి ఏ మతం ఉందో, ఏ కోరిక ఉందో అడగండి. ఇంటివాళ్లకు ఆయన పోతున్నాడన్న మాట స్పష్టంగా చెప్పండి, రాత్రి ఫోన్ చేయవచ్చో లేదో కనుక్కోండి, పోయాక వాళ్లను ఒంటరిగా పంపేయకండి. ప్రతి అంశం ఎదురుగా అయిందా, తేడా వచ్చిందా అని గుర్తు పెట్టాలి. తేడా వస్తే ఎందుకొచ్చిందో రాయాలి.

ఆ జాబితాను ఈ రోజు తీసి చదివినా అందులో తప్పు పట్టదగ్గ వాక్యం నాకు దాదాపుగా కనిపించదు. చావు అన్న మాట ఎత్తడానికే జంకే చోట, ఇంటివాళ్లతో మాట్లాడారా అని ఒక కాగితం నిలదీసి అడగడం చిన్న సంగతి కాదు. అది వచ్చాక ఎన్నో వార్డుల్లో పొద్దున్నే గుచ్చే సూదులు ఆగాయి. నొప్పి మందు అడగకముందే సిద్ధంగా ఉంది. ఎంతోమంది భార్యలకు, కొడుకులకు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని నిజం చెప్పారు. చర్మం కింద సన్నటి సూది, దానికి తగిలించిన చిన్న పంపు, అందులోంచి రోజంతా చుక్కచుక్కగా వెళ్లే మార్ఫిన్, మత్తుమందు మిడజొలామ్ ఎందరికో ఆఖరి రాత్రుల్ని భరించేలా చేశాయి.

మంచి పేరు వచ్చింది. 2004లో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ దాన్ని సిఫారసు చేసింది. 2008లో ఇంగ్లండ్ ఆరోగ్యశాఖ ప్రకటించిన జీవితాంత్య సంరక్షణ వ్యూహంలో దానికి చోటు దక్కింది. ఇటలీ, నెదర్లాండ్స్, నార్వే, జర్మనీ, న్యూజీలాండ్, అర్జెంటీనాల్లో అనువాదాలో అనుసరణలో వచ్చాయి. ఒక ఊరి ఆసుపత్రి పుట్టించిన పత్రానికి ఇంత వైభవం వైద్యచరిత్రలో తరచుగా కనపడదు. పతనానికి విత్తనం ఆ వైభవంలోనే పడింది.

తొలి రూపంలో, ఈ మనిషి పోతున్నాడని ఎలా తేల్చాలో నాలుగు గుర్తులు ఇచ్చారు. మంచానికే పరిమితమయ్యాడా? సగం స్పృహలోనే ఉన్నాడా? గుక్కెడు నీళ్లకు మించి తాగలేకపోతున్నాడా? మాత్ర మింగలేకపోతున్నాడా? రోగం ముదిరి ఇక వెనక్కి రాదని బృందమంతా ఒప్పుకున్న తర్వాత, ఈ నాలుగింటిలో రెండు ఉంటే చాలు. క్యాన్సర్ రోగి విషయంలో ఇది చాలావరకు నిజం. నెలలుగా కళ్లముందే తగ్గిపోతూ వచ్చిన మనిషి ఈ స్థితికి చేరాడంటే పొద్దు వాలినట్టే. కానీ కాగితం క్యాన్సర్ వార్డు దాటి ముసలివాళ్ల వార్డుకు, పక్షవాతం వార్డుకు, గుండె జబ్బుల వార్డుకు వెళ్లింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, ఒంట్లో నీళ్లు తగ్గి, మగతగా పడి ఉన్న ఎనభై ఏళ్ల ముసలమ్మను ఊహించండి. మంచం దిగదు. పిలిస్తే సరిగా పలకదు. మాత్ర మింగదు. నాలుగింటిలో మూడు గుర్తులున్నాయి! సెలైన్, యాంటీబయాటిక్ పెడితే మూడోరోజు లేచి టీ అడిగే మనిషి కూడా ఆమే కావచ్చు. ఆ తేడా పట్టుకోవడానికి గుర్తులు సరిపోవు, అనుభవం కావాలి. అనుభవమున్న డాక్టర్లే పొరబడే చోట, చేరి మూడు నెలలైన కుర్రవాడి చేతిలో నిర్ణయం పెట్టారు.

పైగా ఆ కుర్రవాడికి నేర్పే పెద్దాయన ఎక్కడున్నాడు? యూరోపియన్ చట్టం ప్రకారం 2009 ఆగస్టు నుంచి జూనియర్ డాక్టర్ల పని వారానికి సగటున 48 గంటలకు తగ్గింది. అలసిపోయిన డాక్టరు ప్రమాదం కాబట్టి అది సబబే. కానీ దాంతో పని షిఫ్టులుగా ముక్కలైపోయింది. ఒకే పెద్ద డాక్టరు వెనక నెలల తరబడి తిరిగి నేర్చుకునే పాత గురుశిష్య బంధం తెగిపోతూ వచ్చింది. సోమవారం చూసిన రోగిని బుధవారం ఇంకొకరు చూస్తారు, శుక్రవారం రాత్రి మరొకరు. ఆ కుటుంబంతో ఏం మాట్లాడారో తర్వాతి వ్యక్తికి తెలిసేది కాగితం మీదే. లివర్‌పూల్ వాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. వాడే బృందం ఎంత మంచిదైతే పత్రమూ అంతే మంచిదని వాళ్ల పత్రాలే చెప్పేవి, శిక్షణ లేకుండా వాడొద్దని మొత్తుకునేవి. ఫోటోకాపీ తీయడం నిమిషం పని. మనిషిని తయారుచేయడం ఏళ్ల పని. ఆసుపత్రులు మొదటిదాన్ని ఎంచుకున్నాయి.

ఆ తర్వాత డబ్బు వచ్చింది. ఆసుపత్రులు నాణ్యతా లక్ష్యాలు అందుకుంటే అదనపు నిధులిచ్చే పథకం ఒకటి ఆ రోజుల్లో మొదలైంది. చాలాచోట్ల ఆ లక్ష్యాల్లో ఎల్‌సీపీ కూడా చేరింది. చనిపోయినవారిలో ఇంతమంది ఈ పత్రం మీద ఉండాలి, ఉంటే ఇంత సొమ్ము. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచి సంరక్షణకు ఊతమివ్వడమేనని ఒప్పుకుంటాను. అయినా చావు పక్కన ధర రాసిన కాగితాన్ని ఏ బిడ్డ నమ్ముతాడు? తల్లిని పోగొట్టుకుని ఆ వార్త పేపర్లో చదివిన కొడుక్కి, ఆ రాత్రి జరిగిందంతా ఇంకో రంగులో కనపడింది. ఈ కథలో క్షమించలేని పని ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదొక్కటే.

2009 సెప్టెంబరులో కొందరు నిపుణులు డైలీ టెలిగ్రాఫ్ పత్రికకు లేఖ రాశారు. పోతున్నాడని తేల్చే పద్ధతి లోపభూయిష్ఠమని, మత్తు, నీళ్ల నిలిపివేత కోలుకునే లక్షణాలనే కప్పేస్తాయని హెచ్చరించారు. 2012 జూన్‌లో ప్యాట్రిక్ పులిచినో అనే నాడీవైద్య ఆచార్యుడు లండన్‌లో, రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ వేదిక మీద, ఏటా 1,30,000 మంది ఈ పత్రం మీదే పోతున్నారని, ఇది సంరక్షణ మార్గం పేరుతో మరణాన్ని తెచ్చే మార్గమైందని ఆరోపించారు. పత్రికలు అందుకున్నాయి. పాత్‌వే అన్న మాటే కుటుంబాలకు ఒకే వైపు పోయే బాటలా, ఎక్కిస్తే దిగడానికి లేని బండిలా వినిపించసాగింది. ‘మా నాన్నను దాని మీద పెట్టారు’ అనేవాళ్లు. బ్రిటన్ జనానికి భయపడే కారణమూ ఉంది. హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు డయామార్ఫిన్ సూదులతో తన రోగులనే చంపాడని 2000 జనవరిలో కోర్టు తేల్చింది. ఆ పీడకల ఇంకా పచ్చిగానే ఉంది.

పత్రికలు చాలాసార్లు హద్దు దాటాయి. పోతున్న మనిషికి ఆఖర్లో ఆకలి, దాహం సహజంగానే తగ్గుతాయని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నవాడికి సెలైన్ ఎక్కిస్తే ఆయాసం పెరగవచ్చని రాసేందుకు వాటికి ఓపిక లేకపోయింది. కానీ కుటుంబాలు చెప్పినవి పత్రికలు పుట్టించినవి కావు.

అందులో నీళ్ల సంగతి ఒక్కటి దగ్గర్నుంచి చూడాలి. నోరు తడపడానికి ఆసుపత్రుల్లో పుల్ల చివర చిన్న స్పాంజి ఉన్న పరికరం ఇస్తారు. నీళ్లలో ముంచి పెదాలకు, నాలుకకు అద్దడానికి. కొందరు రోగులు ఆ స్పాంజిని పెదాలతో గట్టిగా పట్టుకుని అందులోని తడిని పీల్చారు. అంటే దాహం ఉంది. మింగగలరు. గ్లాసు పట్టుకుని కూర్చున్న కూతురుతో, వద్దమ్మా, పొలమారుతుందని సిబ్బంది చెప్పారు. కాగితంలో ఎక్కడా నీళ్లివ్వద్దని లేదు. తాగగలిగినంత కాలం తాగనివ్వాలనే ఉంది. కానీ రాత్రి డ్యూటీలో ఇద్దరే నర్సులుండి, ఇరవైకి పైగా మంచాలుంటే, ఒక్కో గుక్క తాపించడానికి అరగంట కూర్చునేది ఎవరు? ‘నోటి సంరక్షణ’ అన్న గడిలో టిక్కు పడింది. కూతురి చేతిలో గ్లాసు నిండుగానే ఉంది.

పోయే ప్రాణానికి మన ఇళ్లలో తులసి తీర్థం పోస్తాం. కొడుకు ఎక్కడో ఉన్నా ఆ గుక్కెడు నీళ్లు పోయడానికి పరుగెత్తుకొస్తాడు. అందుకే ఈ భాగం చదివినప్పుడు తెలుగువాడికి ఇంకే వాదనా తలకెక్కదు. ఇంగ్లండ్‌లోనూ ఎక్కలేదు.

2013 జనవరిలో ప్రభుత్వం విచారణ వేసింది. అధ్యక్షురాలు బారోనెస్ జూలియా న్యూబర్గర్. యూదు మతాచార్యురాలు, ఎగువసభ సభ్యురాలు, ఆరోగ్య సంస్థలను నడిపిన అనుభవం ఉన్నవారు. మరుసటి నెలలోనే స్టాఫర్డ్ ఆసుపత్రిలో రోగులను నిర్లక్ష్యం చేసిన తీరుపై రాబర్ట్ ఫ్రాన్సిస్ నివేదిక వెలువడింది. దేశమంతా ఆసుపత్రుల మీద కోపంతో, సిగ్గుతో ఉన్న వేళ. న్యూబర్గర్ బృందం కుటుంబాలను పిలిచి వింది, నిపుణులను వింది. 2013 జూలై 15న నివేదిక ఇచ్చింది. పేరు ‘మోర్ కేర్, లెస్ పాత్‌వే’. 44 సిఫారసులు.

ఆ నివేదికను ఎల్‌సీపీకి పడిన ఉరిశిక్షగా చెప్పుకుంటారు. శ్రద్ధగా చదివితే అది ఉరిశిక్ష కాదు, శవపరీక్ష. సరిగ్గా వాడినచోట రోగులు ప్రశాంతంగా, గౌరవంగా పోతున్నారని అందులో స్పష్టంగా ఉంది. వాడకం చెడిన చోట్ల మాత్రం ఇంటివాళ్లకు చెప్పకుండానే పత్రం మొదలుపెట్టారని, మత్తుమందు ఎందుకిస్తున్నారో వివరించలేదని, రాత్రుళ్లు, వారాంతాల్లో అనుభవం లేని జూనియర్లు అంత పెద్ద నిర్ణయం చేశారని, టిక్కులు పెట్టడమే సంరక్షణ అయిపోయిందని రాసింది. పత్రాన్ని ఏడాదిలోగా ఎత్తేయాలంది. పాత్‌వే అన్న పేరే వాడొద్దంది. ప్రోత్సాహక నిధులు ఆపాలంది. బాధ్యత వహించే పెద్ద డాక్టరు లేకుండా ఇలాంటి నిర్ణయం ఎవరూ తీసుకోకూడదంది. నీళ్లు, ఆహారం తీసుకోగలిగినవాళ్లకు అందేలా చూడాల్సిందేనంది.

ప్రభుత్వం ఒప్పుకుంది. పత్రం చచ్చిపోయింది.

అదే ఏడాది అక్టోబరులో, అంటే నివేదిక వచ్చిన మూడు నెలల తర్వాత, లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఇటలీలో మాస్సిమో కోస్తాంతీని బృందం 16 ఆసుపత్రి వార్డులను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం వార్డుల్లో ఎల్‌సీపీని శిక్షణతో సహా ప్రవేశపెట్టి, చనిపోయినవారి కుటుంబాలను అడిగి పోల్చింది. దీని మీద అంత పకడ్బందీగా జరిగిన మొదటి పరీక్ష అదే. మొత్తం సంరక్షణ నాణ్యతలో నమ్మదగ్గ తేడా తేలలేదు. రోగిని గౌరవంగా, దయగా చూడటంలో, ఆయాసం తగ్గించడంలో మాత్రం మెరుగు కనిపించింది. పదేళ్లు ముందు రావాల్సిన సాక్ష్యం. పుట్టుకలోనే పరీక్షించి ఉంటే ఏ వార్డుకు పనికొస్తుందో, ఏ వార్డుకు పనికిరాదో, శిక్షణ ఎంత కావాలో తెలిసేది. పరీక్షించకుండానే ఆకాశానికెత్తారు, పరీక్ష ఫలితం రాకుండానే కింద పడేశారు.

తర్వాత 21 సంస్థలు కూటమి కట్టి 2014 జూన్‌లో కొత్త సూత్రాలు ప్రకటించాయి. పోతున్న సంగతి గుర్తించాలి, సున్నితంగా చెప్పాలి, రోగినీ ఇంటివాళ్లనూ నిర్ణయాల్లో కలుపుకోవాలి, ఇంటివాళ్ల అవసరాలు చూడాలి, ఒక్కో మనిషికి ఒక్కో ప్రణాళిక వేయాలి. అయిదు మాటలూ బంగారం లాంటివి. 2015 డిసెంబరులో నైస్ మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలోనూ ఆఖరి రోజులను గుర్తించడంలో ఉండే సందేహాన్ని దాచకుండా రాశారు. ఇవన్నీ పాత పత్రం కోరుకున్నవే. చదువుతుంటే, కొట్టేసిన ఇంటి ఇటుకలతోనే కట్టిన ఇల్లు అనిపిస్తుంది.

కానీ ఆ రాత్రి డ్యూటీ డాక్టరు సంగతి? నిన్నటిదాకా చేతిలో కాగితమన్నా ఉంది. అది పోయింది. పైగా భయం మిగిలింది. మార్ఫిన్ రాయాలంటే, ఇది తొందరపెట్టడం అవుతుందేమో, రేపు పేపర్లో వస్తుందేమో అన్న వెరపు. ఎల్‌సీపీ మీద పోయిన తల్లి గురించి తోడబుట్టినవాళ్ల మధ్య మిగిలిన అనుమానాలు, నేనే సంతకం పెట్టానా అన్న కుమిలిపాటు ఏ నివేదికలోనూ తేలేవి కావు. నిజాయితీగా, ప్రేమగా ఆ పత్రం వాడిన నర్సులు, డాక్టర్లు తమ రోగులను చంపారన్న నింద మోశారు. వాళ్ల తరఫున మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆ నర్సుల్లో, డాక్టర్లలో మనవాళ్లూ ఉన్నారు. గుంటూరులోనో, వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చదివి, బ్రిటన్ అర్హత పరీక్ష ప్లాబ్ రాసి అక్కడి వార్డుల్లో జూనియర్లుగా చేరిన తెలుగు పిల్లలు. చావు గురించి ఇక్కడ మనం నేర్పి పంపిన పాఠమేమీ లేదు. మన పెద్దాసుపత్రుల్లో ఆశ లేదని తేలాక చాలామందికి జరిగేదేమిటో అందరికీ తెలుసు. ఇంటికి తీసుకెళ్తామని కేస్ షీట్ మీద సంతకం పెడతారు. హౌస్ సర్జన్ ఆ సంతకం చోటు వేలితో చూపిస్తాడు. అంబులెన్సులో ఒకరు ఊపిరి అందించే బెలూన్ నొక్కుతుండగా మనిషి ఊరు చేరతాడు. నొప్పికి మందేమిటి, ఆయాసం వస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని చెప్పే కాగితం ఆ కుటుంబం చేతిలో ఉండదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన చిక్కులతో మన ఆసుపత్రుల్లో మార్ఫిన్ కరువై, దాన్ని రాయడమే రాని డాక్టర్ల తరాలు వచ్చాయి. 2014లో చట్టం సవరించారు. రాసే చెయ్యి ఒక్క సవరణతో తిరిగి రాదు.

హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది, అక్కడ శిక్షణా ఇస్తారు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో వచ్చిన కొత్త పాఠ్యక్రమంలో, రోగితో నడవడిక, నైతికత, సంభాషణ నేర్పే భాగంలో మరణం గురించిన పాఠమూ చేరింది. సంతోషం. దాన్ని లెక్చర్ హాల్లో చెప్పి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టి ముగిస్తే మాత్రం మనం లివర్‌పూల్ దగ్గరికే చేరతాం, అది కూడా లివర్‌పూల్ వాళ్లకున్న హాస్పిస్ అనుభవం లేకుండా.

కనుక రెండు విన్నపాలు. ఇంట్లో ఎవరికైనా ఆ ఘడియ వచ్చి, ఇంక చేసేదేమీ లేదని డ్యూటీ డాక్టరు చెబితే, ఆ అబ్బాయి మీద, ఆ అమ్మాయి మీద అరవకండి. ఈ నిర్ణయం చేసిన పెద్ద డాక్టరెవరు, ఆయన మళ్లీ ఎప్పుడు వచ్చి చూస్తారు, నొప్పికి ఏమిస్తున్నారు, నోటికి నీళ్లివ్వచ్చా అని అడగండి. సమాధానం వచ్చేదాకా అడగండి. ఇక ఆచార్యులకు, యూనిట్ చీఫ్‌లకు: మీ హౌస్ సర్జన్ మొదటిసారి ఒక తల్లికి బిడ్డ పోయాడని చెప్పడానికి బయలుదేరినప్పుడు, దయచేసి అతనితో పాటు మీరూ ఆ గదిలోకి వెళ్లండి.